బాక్స్ మారిస్తే పేజీ ఉరుకుతదా?

(నల్గొండ స్టూడియోలో జరిగిన చర్చ. యాంకర్‌తో పాటు ఒక నెట్‌వర్క్ ఇంజనీర్, ఒక సర్వర్ అడ్మిన్ పాల్గొన్నారు.)

యాంకర్: నమస్కారం. మిర్యాలగూడ నుంచి ఒక ప్రేక్షకుడి ప్రశ్నతో మొదలుపెడదాం. కోచింగ్ సెంటర్ వాళ్ల ఆన్‌లైన్ టెస్టుల సైటు. ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్, అంటే వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచే బాక్స్; వెనుక నాలుగు ఆప్ సర్వర్లు, ఒక డేటాబేస్. పేజీ రావడానికి దాదాపు రెండు సెకన్లు పడుతోంది. కొత్త లోడ్ బ్యాలెన్సర్ బాక్స్‌కు కొటేషన్ కూడా తెప్పించుకున్నారట. మేడం, కొనమందామా?

నెట్‌వర్క్ ఇంజనీర్: కొటేషన్ పక్కన పెట్టి ముందు లాగ్ తెరవమందాం. లోడ్ బ్యాలెన్సర్‌గా వాడేది హెచ్ఏప్రాక్సీ సాఫ్ట్‌వేర్ అయితే హెచ్‌టీటీపీ లాగ్‌లో ప్రతి రిక్వెస్టుకూ ఐదు అంకెలు వాలుగీతలతో వస్తాయి. ఉదాహరణకు 0/0/1/1840/1852. అన్నీ మిల్లీసెకన్లే. మొదటిది యూజర్ నుంచి రిక్వెస్టు పూర్తిగా అందడానికి పట్టిన టైము. రెండోది క్యూలో ఆగింది. మూడోది వెనుక సర్వర్‌కు కనెక్ట్ కావడానికి. నాలుగోది ఆ సర్వర్ జవాబు మొదలుపెట్టడానికి. ఐదోది మొత్తం.

సర్వర్ అడ్మిన్: ఈ లైన్ల 1840 యాడుంది? నాలుగో గడిల. అంటే ఆప్ సర్వరో, దాని ఎనుక డేటాబేసో ఆలోచించుకుంట కూసుంది. కనెక్షన్ ఒక్క మిల్లీసెకన్ల అయిపోయింది, జవాబు మొదలైనంక డేటా పోవుడు 11 మిల్లీసెకన్లు. లక్షలు పోసి బాక్స్ మారిస్తే ఈ 1840ల ఒక్కటి గూడ తగ్గది. ఆ పైసలతోని డేటాబేస్‌ల స్లో క్వెరీ లాగ్ (ఆలస్యమైన క్వెరీల చిట్టా) చూసే మనిషిని పెట్టుకోవచ్చు.

యాంకర్: రెండో గడిలో పెద్ద అంకె ఉంటే? క్యూ కడుతున్నారంటే బాక్స్ తట్టుకోలేకపోతున్నట్టే కదా?

సర్వర్ అడ్మిన్: అట్లనే అనిపిస్తది గని కాదు. ఆ క్యూ మనం రాసుకున్న మాక్స్‌కాన్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు పోవచ్చన్న) హద్దుతోని వచ్చేది. ఒక్కో సర్వర్‌కు 100 అని పెడితే, అన్ని సర్వర్లు నిండినంక వచ్చిన రిక్వెస్టు లైన్ల నిలబడ్తది. రేషన్ షాపుల తూకమేసేటోడు ఒక్కడే ఉన్నప్పుడు బయట గేటు పెద్దది చేస్తే ఏం లాభం? హద్దు పెంచితే ఇంకా డేంజర్, ఆ లైనంత పోయి డేటాబేస్ మీద పడ్తది.

నెట్‌వర్క్ ఇంజనీర్: మూడో గడి కూడా చూడాలి. అందులో 1000కో, 2000కో, 3000కో కాస్త అటూఇటూగా అంకెలు పదేపదే కనిపిస్తే ప్యాకెట్ ఎక్కడో పోతోందని గుర్తు. కనెక్షన్ అడిగే మొదటి సిన్ ప్యాకెట్‌కు జవాబు రాకపోతే లినక్స్ ఒక సెకను ఆగి మళ్లీ పంపుతుంది, అదీ పోతే పాత కెర్నళ్లలో ఇంకో రెండు సెకన్లకు, 6.5 నుంచి కొత్తవాటిలో ఇంకో సెకనుకే. అప్పుడు కేబుల్, స్విచ్ పోర్టు, వెనుక సర్వర్ లిజన్ క్యూ (కొత్త కనెక్షన్లు ఆగే వరుస), కనెక్షన్ ట్రాకింగ్ టేబుల్ (నడుస్తున్న కనెక్షన్ల పట్టిక) నిండిందా అన్నది చూసుకోవాలి.

యాంకర్: మరి బాక్స్ నిజంగానే అలసిపోయిందని ఎలా తెలుస్తుంది?

నెట్‌వర్క్ ఇంజనీర్: టాప్ కమాండ్ తెరిచి 1 నొక్కండి, కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. సగటు 25 శాతమే ఉందని మురిసిపోవద్దు. నాలుగు కోర్లలో ఒకటి 100లో ఇరుక్కుని మూడు ఖాళీగా ఉన్నా సగటు 25 చూపిస్తుంది. ఆ నిండిన కోర్‌లో ‘ఎస్ఐ’ ఎక్కువుంటే నెట్‌వర్క్ కార్డు పనంతా ఒకే కోర్ మీద పడుతోంది. కార్డుకు ఎక్కువ క్యూలుంటే వాటిని కోర్లకు పంచితే చాలు, ఖర్చు లేదు. ‘యూఎస్’ (ప్రోగ్రాముల పని) ఎక్కువుంటే మొదటి అనుమానం టీఎల్ఎస్ మీద, అంటే డేటాను రహస్యంగా పంపే హెచ్‌టీటీపీఎస్ పని మీద. వర్చువల్ మెషీన్ అయితే ‘ఎస్‌టీ’ చూడండి. అది పెరిగిందంటే మన వంతు సీపీయూ పక్కవాళ్లకు పోతోంది.

సర్వర్ అడ్మిన్: టీఎల్ఎస్ అయితే ముందుగాల సర్టిఫికెట్ మార్చాలె. దాని కీ ఆర్ఎస్ఏ 2048 రకమైతే కొత్త హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్ల కీలు కుదుర్చుకునుడు) వచ్చినప్పుడల్లా సంతకం బరువు మన సీపీయూ మీదనే. ఈసీడీఎస్ఏ పీ-256 రకమైతే అదే సంతకం ఎన్నో రెట్లు తేలిగ్గ అయితది. నమ్మకుంటే అదే మెషీన్ మీద ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్ టెస్టు రెండిటికీ నడిపి, సెకనుకు ఎన్ని సంతకాలో చూడుండ్రి. టీఎల్ఎస్ 1.3 ఆన్ చేస్తే హ్యాండ్‌షేక్‌ల ఒక రౌండు (ఒకసారి పోయిరావుడు) గూడ తగ్గుతది.

నెట్‌వర్క్ ఇంజనీర్: ఆ రౌండే మన జిల్లాల్లో అసలు లాభం. నల్గొండ నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్ల చిల్లర, ఫైబర్‌లో పోయిరావడానికి కాంతికి మిల్లీసెకను చాలు. కానీ దేవరకొండ, అచ్చంపేట దిక్కు సిగ్నల్ పలచగా ఉన్న ఊళ్లో ఫోన్ పట్టుకున్న పిల్లవాడికి ఒక్కో రౌండు వంద మిల్లీసెకన్లు దాటొచ్చు. డేటా సెంటర్‌లో ఏ బాక్స్ పెట్టినా ఆ టవర్ మారదు.

సర్వర్ అడ్మిన్: ఇంకోటుంది, దీన్ని చాలామంది చూడరు. ఎనుక సర్వర్లకు కీప్‌అలైవ్ (కనెక్షన్ మూయకుంట మళ్ల వాడుకునుడు) పెట్టకపోతే ప్రతి రిక్వెస్టుకు కొత్త కనెక్షన్. లోడ్ బ్యాలెన్సర్ తనే ముందుగ మూసిన కనెక్షన్ లినక్స్‌ల 60 సెకన్లు టైమ్‌వెయిట్‌ల (మూసినంక ఆగే స్థితి) ఉంటది. లోకల్ పోర్టులు (ఒక్కో కనెక్షన్‌కు ఒకటి పట్టే నంబర్లు) డిఫాల్ట్‌గ 32768 నుంచి 60999 దాక, అంటే 28,232. అరవైతోని భాగించుండ్రి. ఒక్కో సర్వర్‌కు సెకనుకు 470 కనెక్షన్లు దాటినయంటే కొద్దిసేపట్ల పోర్టులు ఒడుస్తయ్. సీపీయూ ఖాళీ, ర్యామ్ ఖాళీ, సైటు మీద మాత్రం ఎర్రర్లు. బాక్స్ సచ్చిందనుకుంటరు!

నెట్‌వర్క్ ఇంజనీర్: కీప్‌అలైవ్ పెట్టాక ఒక మెలిక ఉంది. ఖాళీ కనెక్షన్‌ను ఆప్ సర్వర్ 5 సెకన్లకు మూసేస్తూ, లోడ్ బ్యాలెన్సర్ 60 సెకన్లు ఉంచుకుంటే, అప్పుడే మూసిన దాని మీదకు రిక్వెస్టు వెళ్లి 502 ఎర్రర్ వస్తుంది. అదీ ఎప్పుడో ఒకటి, పట్టుకుందామంటే దొరకదు. ఆప్ సర్వర్ టైమ్‌అవుట్ ఎప్పుడూ పెద్దదై ఉండాలి.

యాంకర్: ఇంతకీ కొనాల్సిన సందర్భమే లేదంటారా?

నెట్‌వర్క్ ఇంజనీర్: ఎందుకు లేదు? కంపెనీ సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపేస్తే వేగంతో పనిలేకుండా మార్చాల్సిందే. రెండు బాక్స్‌లు చెరో 60 శాతం మోస్తుంటే, ఒకటి పడిన రోజు రెండోదాని మీద 120 పడుతుంది, అప్పుడూ కొనాలి. 1 జీబీపీఎస్ పోర్టు అంటే సెకనుకు 125 ఎంబీ. పేజీ 500 కేబీ ఉంటే సెకనుకు 250 పేజీలకే నిండిపోతుంది. ముందు బొమ్మలు సీడీఎన్‌కు (ఫైళ్లను యూజర్లకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ) తరలించి, ఇంకా నిండుతుంటే 10 జీబీపీఎస్‌కు పోవచ్చు. కొన్ని బాక్స్‌లలో హార్డ్‌వేర్‌కు సత్తా ఉన్నా లైసెన్స్ ఆపుతుంది, కొటేషన్ అడిగేముందు అది చూడాలి.

యాంకర్: మార్చే రోజు జాగ్రత్తలు?

సర్వర్ అడ్మిన్: ఐపీ అదే ఉంచితే పైన రౌటర్‌ల పాత బాక్స్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) కొంతసేపు ఉండిపోవచ్చు, ఏ ఐపీకి ఏ మ్యాక్ అని రాసుకునే ఏఆర్‌పీ పట్టిక క్లియర్ చేయకుంటే అప్పటిదాక సైటు రాదు. యూజర్ అసలు ఐపీ చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ మర్చిపోతే ఆప్‌కు అందరు ఒకే ఐపీ నుంచి వచ్చినట్టు కనిపిస్తరు. రేట్ లిమిట్ (ఒక్కో ఐపీకి ఇన్ని రిక్వెస్టులే అన్న హద్దు) ఉందంటే పిల్లలందర్నీ ఒకేసారి బ్లాక్ చేస్తది. పరీక్ష ఉన్న రోజు మాత్రం ముట్టుకోవద్దు.

యాంకర్: పాత బాక్స్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయొచ్చా?

సర్వర్ అడ్మిన్: దాంట్ల సర్టిఫికెట్ ప్రైవేట్ కీ (ఎవ్వరికీ దొరకకూడని రహస్య కీ) ఉంటది అన్నా. డిస్క్ పూర్తిగ తుడవాలె, కొత్త కీతోని సర్టిఫికెట్ మళ్ల తీసుకోని పాతది రివోక్ (రద్దు) చేయాలె. అటెనుకనే డబ్బాల పెట్టి ఇచ్చుడు.