వెనక్కి నడిచే మందు

శ్రోతలకు నమస్కారం.

సెలైన్ సీసాను మంచం మీదికి దించినప్పుడు గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎగబాకడం మీలో చాలామంది చూసే ఉంటారు. మీటరు ఎత్తున వేలాడే ద్రవం సుమారు 74 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడితో కిందికి తోస్తుంది. చేతి సిరలోని ఒత్తిడి మామూలుగా అందులో చిన్న వంతే. ఎత్తు పోతే బలాబలాలు తారుమారవుతాయి. కంటికి కనబడే ఆ ఎదురుపారుదల గురించి నాకు పెద్ద బెంగ లేదు. నా బెంగంతా కనబడనిదాని గురించే.

ఒకే సూది గుండా రెండు ద్రవాలు ఎక్కుతున్నాయనుకుందాం. సెలైన్ తన బరువుతో తానే నిమిషానికి 2 మిల్లీలీటర్ల చొప్పున దిగుతోంది. రక్తపోటును నిలబెట్టే ఘాటైన మందును సిరంజి పంపు అనే యంత్రం గంటకు 6 మిల్లీలీటర్ల చొప్పున నెడుతోంది. సూదికి కాస్త ముందు రెండు గొట్టాలూ కలుస్తాయి. రోగి మోచేయి మడవగానే దారి మూసుకుపోయింది. సెలైన్ ఆగింది, పంపు ఆగలేదు. ముందుకు దారి లేని మందు సెలైన్ గొట్టంలో పైకి నడిచింది. అడ్డు తగిలితే మోగవలసిన పంపు, మందుకు వేరే దారి దొరికి తగినంత ఒత్తిడి పేరుకోనందువల్ల, మోగలేదు. 20 నిమిషాల్లో 2 మిల్లీలీటర్ల మందు, 3 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల ఆ గొట్టంలో దాదాపు 28 సెంటీమీటర్ల మేర చేరింది. రెండూ నీళ్లలాగే ఉంటాయి కనుక ఎవరికీ కనబడలేదు.

అందవలసిన మందు అందక రక్తపోటు పడిపోయింది. అంతలో రోగి చేయి చాపాడు. 20 నిమిషాల మందు ఒక్క నిమిషంలో లోపలికి వెళ్లింది, అవును, ఒక్క నిమిషంలో.

దీనికి విరుగుడు, గొట్టాలు కలిసే చోటుకు పైన సెలైన్ దారిలో అమర్చే, ఒకవైపే తెరుచుకునే చిన్న కవాటం. మన సిరల్లోనూ ఇటువంటివే ఉన్నాయి; రక్తం గుండె వైపే సాగుతుందని 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే వాటి సాక్ష్యంతోనే వాదించాడు. కవాటం ఉంటే మందు వెనక్కి పోలేదు, ఒత్తిడి పెరుగుతుంది, పంపు మోగుతుంది. ఆ మోతను విసుక్కునేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం.

రోగి పక్కన కూర్చున్నవారు గమనించవలసింది సీసా కింది చిన్న గదిలో రాలే చుక్కను. చుక్క ఆగినా, ఆ గదిలో ద్రవమట్టం పైకి లేస్తున్నా, గొట్టాన్ని పిసకకండి, ధారను సరిచేసే చక్రాన్ని తిప్పకండి, రోగి చేతిని మీరుగా సరిచేయకండి; వెంటనే నర్సును పిలిచి, ఎంతసేపటి నుంచి ఆగిందో చెప్పండి.