ఓ స్త్రీ, రేపు రా

అందరికీ నమస్కారం. లైబ్రరీకి చదువుకోవడానికి వచ్చి, పుస్తకాలు మూసి నా మాటలు వింటున్నారు. వాయిదా మీద ప్రసంగం కోసం చదువు వాయిదా వేశారన్నమాట. ఆరంభం బాగానే ఉంది.

తొంభైల్లో మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ, రేపు రా’ అని రాసుకునేవాళ్లు. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. రాత్రుళ్లు ఓ ఆడదయ్యం తిరుగుతోందని, తలుపు కొడుతోందని పుకారు. ఆ రాత చూస్తే రేపొద్దాంలే అనుకుని వెళ్లిపోతుందట. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. మా నాయనమ్మకు చదువు రాదు. నాచేత బొగ్గుతో రాయించింది. నేను ‘స్త్రీ’లో త వత్తు మర్చిపోయాను. చిన్నాన్న చూసి నవ్వితే నాయనమ్మ, “దానికి మాత్రం చదువొస్తదారా” అంది.

దయ్యం పోయింది కానీ ఆ రాత పోలేదు. 2016లో నేను గ్రూప్-2కి చదివేటప్పుడు నా ఎకానమీ పుస్తకం అట్ట మీద అది నాకొక్కడికే కనబడేది. 600 మార్కుల్లో ఎకానమీవి 150. నేనేమో డిగ్రీలో సాహిత్యం చదివినవాణ్ని. జాతీయాదాయం చాప్టర్ తీస్తే చాలు, ‘నీకిది రాదు’ అని వెనక నుంచి ఎవరో అన్నట్టుండేది. వెంటనే అది మూసి తెలంగాణ ఉద్యమం పుస్తకం తీసేవాణ్ని. అప్పటికే మూడుసార్లు చదివిన పుస్తకం! పైగా రోజంతా చదివానని తృప్తి.

రూములో గోడకి టైంటేబుల్ ఒకటి. స్కేలు పెట్టి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీశాను, ఒక పూట పట్టింది. ఎకానమీది పసుపు గడి. ఆ గడి టైమయ్యేసరికి బట్టలు నానబెట్టాలని గుర్తొచ్చేది. నా చొక్కాలు అంత తెల్లగా అంతకు ముందూ లేవు, ఆ తర్వాతా లేవు.

మా నాన్న దీన్ని బద్ధకం అనేవారు. బద్ధకస్తుడు బట్టలుతకడు కదండీ. ఫ్యూషియా సిరోయిస్, టిమ్ పిచిల్ అనే సైకాలజీ పరిశోధకులు 2013లో ఒక వ్యాసం రాశారు. వాళ్లు చెప్పేదేమిటంటే, వాయిదాకు మూలం టైం కాదు, మనసు. పనిని చూస్తే భయమో విసుగో పుడుతుంది. పక్కన పెడితే ఆ క్షణానికి హాయి. ఆ హాయి కోసమే మళ్లీ మళ్లీ పక్కన పెడతాం. నాయనమ్మ గోడ మీద రాయించిందీ అందుకే, భయపడ్డ దాన్ని ఈ రాత్రికి గడప దాటి రానివ్వకుండా. రంగుల టైంటేబుల్ ఈ భయాన్ని తగ్గించదు.

ఇక ఫోను. ఆ సెప్టెంబరులోనే ఫ్రీ డేటా సిమ్ చేతికొచ్చింది. పరీక్ష నవంబరు 11, 13 తేదీల్లో. ఉద్యోగం రాలేదు. సిమ్‌ని అనను, ఎకానమీ చదవనిది నేను. అయితే మనలాంటివాళ్ల దగ్గరికి ఫోను చదువు వేషంలోనే వస్తుంది. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు, ‘కటాఫ్ ఎంతుండొచ్చు’ వీడియోలు. 783 పోస్టుల గ్రూప్-2కి 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే, తేదీలు మారి మారి పరీక్ష 2024 డిసెంబరు 15, 16న జరిగింది. ఆ రెండేళ్లూ తేదీల గురించి చూసిన వీడియోల టైం కలిపితే ఒక పేపరు సిలబస్ అయిపోయేదని మీలో ఒకరు ఇందాక టీ దగ్గర నాతో అన్నారు.

అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీవాళ్లు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఫోను బల్ల మీద పెట్టుకున్నవాళ్లకంటే పక్కగదిలో వదిలొచ్చినవాళ్లు పరీక్ష బాగా చేశారు, ఫోను మోగకపోయినా. తర్వాత కొందరు చేసి చూస్తే అంత తేడా రాలేదు, కాబట్టి వేదవాక్కు అనను. నా మట్టుకు నాకు, మోగే ఫోనుకంటే సైలెంట్‌లో బోర్లించిన ఫోనే ఎక్కువ లాగుతుంది. దూరంగా బ్యాగులో ఉంటే లేచి వెళ్లాలి. లేచేలోపు సగంసార్లు మనసు మారుతుంది.

పొమొడోరో మీకు తెలుసు, 25 నిమిషాల చదువు. ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి 1980ల చివర్లో వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. టైమర్‌ది టమాటా ఆకారం, పేరు అందుకే. అయితే మొదట అతను తనతో తాను వేసుకున్న పందెం పది నిమిషాలకే. అదీ వెంటనే గెలవలేదు.

నేను తర్వాత ఇంకో పరీక్షకి చదివినప్పుడు పది కూడా పెట్టుకోలేదు. పుస్తకం తెరిచి, ఒక పేరా చదివి, తప్పో ఒప్పో నా మాటల్లో రెండు లైన్లు రాయడం. మొదటిరోజు రాసింది ఇదీ: ‘జీడీపీ అంటే ఏడాదిలో దేశం లోపల తయారైన వస్తువులు, సేవల విలువ. మా అన్న దుబాయ్‌లో సంపాదించేది ఇందులోకి రాదు.’ అంతే, మూసేశాను. రాత్రి పడుకున్నాక అనుమానం. మరి అన్న జీతం ఎందులోకి వస్తుంది? మర్నాడు పొద్దున బట్టలు నానబెట్టకముందే పుస్తకం తీశాను.

జవాబు కోసం ఫోన్లు తీస్తున్నారు, నాకు కనబడుతోంది. ఎకానమీ పుస్తకాలు మీ వెనక బీరువాలోనే ఉన్నాయి.