గుంట నిండాక

అందరికీ నమస్కారం.

"పేదల బస్తీల్లో పారిశుధ్యం, ప్రైవేటు రంగం పాత్ర" అని నాకు విషయం ఇచ్చారు. ఈ మాట వినగానే మన మనసులో ఒక పెద్ద కంపెనీ, ఒక టెండరు, ఒక రిబ్బన్ కటింగ్ మెదులుతాయి. ప్రైవేటును రానివ్వాలా వద్దా అని వాదన మొదలవుతుంది. నేను కాస్త వేరే చోట మొదలుపెడతాను.

కరీబియన్ దేశమైన హైతీలో బయాకూలు అని ఉంటారు. మరుగుదొడ్డి గుంట నిండిపోతే ఇంటివాళ్లు కబురు చేసేది వాళ్లకే. రాత్రి పొద్దుపోయాక వస్తారు, గుంటలోకి దిగుతారు, బకెట్లతో మలం తోడతారు, తెల్లారేలోపు మాయమవుతారు. తాము ఈ పని చేస్తామని చాలామంది ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకోరు. తోడింది ఎక్కడ పారబోశారో ఎవరూ అడగరు. బేరం ఆడతారు, డబ్బు తీసుకుంటారు, పని చేస్తారు. ఇది ప్రైవేటు రంగం కాకపోతే మరేమిటి? పేరు వేరైనా ఇలాంటి మనుషులు పేదలుండే నగరాలన్నిటిలోనూ ఉన్నారు. కాబట్టి ప్రైవేటును రానివ్వాలా అన్న ప్రశ్నకు అర్థం లేదు. అది ఎప్పుడో వచ్చింది, చీకట్లో పని చేస్తోంది. వాళ్లకు డబ్బు ఎవరిస్తున్నారు, ఏ పనికి ఇస్తున్నారు అన్నదే నేను మాట్లాడదలచుకున్నది.

ఒక లెక్క చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసే లెక్క ప్రకారం 2022లో ఆరుబయట మలవిసర్జన చేస్తున్నవాళ్లు 41.9 కోట్లు. సురక్షితమైన పారిశుధ్యం లేనివాళ్లు మాత్రం దాదాపు 350 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా చూడండి. ఆ మధ్యలో ఉన్న కోట్ల మందిలో చాలామందికి ఏదో ఒక రకం దొడ్డి ఉంది. అది పక్కవాళ్లతో కలిసి వాడేదైనా కావచ్చు, నాసిరకందైనా కావచ్చు, లేదా చూడడానికి బాగానే ఉన్నా అందులో పడిందానికి గతి లేనిదైనా కావచ్చు. ఫొటోల్లో కనిపించేది గది, తలుపు. గుంటను ఎవరూ ఫొటో తీయరు.

దొడ్డి కట్టించుకోవడం వరకు వ్యాపారం బాగానే పని చేస్తుంది. దీన్ని ఒప్పుకోవాలి. బంగ్లాదేశ్ పల్లెల్లో పరిశీలించి తయారు చేసిన శాటో అనే ప్లాస్టిక్ పాన్ ఉంది. దాని అడుగున చిన్న రెక్క ఉంటుంది. కాసిన్ని నీళ్లు పోస్తే ఆ బరువుకి తెరుచుకుంటుంది, వెంటనే మూసుకుంటుంది. ఈగలు పైకి రావు, వాసన రాదు. కంబోడియాలో ఐడీఈ అనే స్వచ్ఛంద సంస్థ ఇంకో పని చేసింది. అంతకు ముందు దొడ్డి కట్టుకోవాలంటే రింగులు ఒకచోట, పాన్ ఒకచోట, పైపు మరొకచోట వెతుక్కోవాలి. సిమెంటు రింగులు పోసే చిన్న వ్యాపారులకే శిక్షణ ఇచ్చి అన్నీ ఒక సెట్టుగా అమ్మించారు, ఇంటింటికీ మనిషిని పంపి చెప్పించారు. జనం కొన్నారు. పేదవాడు పారిశుధ్యం కోసం ఖర్చు పెట్టడు అనేవాళ్లకు ఇది జవాబు. వాసన లేకపోవడం, రాత్రిపూట ఆడవాళ్లు బయటికి వెళ్లక్కర్లేకపోవడం, చుట్టాల ముందు పరువు నిలవడం... వీటి కోసం మనిషి డబ్బు పెడతాడు.

గుంట నిండాక కథ మారుతుంది.

దాన్ని ఖాళీ చేయించడంలో ఇంటివాడికి కావలసింది ఒక్కటే, అది తన ఇంట్లోంచి పోవాలి. ఎక్కడికి పోతుందన్నది అతని సమస్య కాదు. ఊరివాళ్లందరికీ కావలసింది మాత్రం అది శుద్ధి కేంద్రానికి చేరడం. మొదటిదానికి డబ్బిచ్చేవాడు ఉన్నాడు, రెండోదానికి లేడు. ట్యాంకరు నడిపేవాడి లెక్క చూడండి. డబ్బు గుంట దగ్గరే చేతికొచ్చేసింది. శుద్ధి కేంద్రం ఊరికి అవతల ఉంది. అక్కడికి వెళ్తే డీజిల్ ఖర్చు, ట్రాఫిక్, గేటు దగ్గర క్యూ, పైగా ట్యాంకరుకు ఇంత అని ఫీజు. దారిలో కాలువ ఉంది, ఫీజు లేదు. అతను కాలువలో వదిలేశాడంటే చెడ్డవాడని కాదు, మనం పెట్టిన లెక్క అతనికి అదే నేర్పింది. గేటు దగ్గర ఫీజు వసూలు చేసే శుద్ధి కేంద్రాన్ని చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. తెచ్చినవాడికి జరిమానా వేసి, తేనివాడిని వదిలేసినట్టు ఉంటుంది.

ఇంకో చిక్కు, రోజు కూలీ చేతిలో ఒకేసారి అంత మొత్తం ఉండదు. అందుకని గుంట పొంగేదాకా ఆగుతాడు. అద్దె ఇళ్లయితే ఇంకా ఘోరం. ఓనరు అక్కడ ఉండడు, వాసన అతనికి తగలదు. అద్దెకున్నవాడు తనది కాని గుంటకు ఖర్చు ఎందుకు పెడతాడు?

ధర విషయంలో సెనెగల్ రాజధాని డాకర్ నగరంలో చేసిన ప్రయత్నం నాకు చాలా నచ్చింది. ట్యాంకర్లవాళ్లు ఒకచోట బండ్లు ఆపుకుని కూర్చునేవారు. అందరిదీ ఒకటే మాట, ఒకటే రేటు. 2010 తర్వాతి సంవత్సరాల్లో అక్కడ ఒక కాల్ సెంటర్ పెట్టారు. ఇంటివాళ్లు ఫోన్ చేస్తే ఆ పని వివరం ట్యాంకర్లవాళ్లకు ఎస్సెమ్మెస్ గా వెళ్తుంది. ఎవరు తక్కువకు చేస్తానంటే పని వాళ్లకే. వేలం పాటే, కాకపోతే ఫోన్లో. ధర తగ్గింది. ప్రభుత్వం కొత్త ట్యాంకరు కొనలేదు, ఎవరినీ తరిమెయ్యలేదు. బేరం జరిగే తీరు మార్చింది, అంతే. మార్కెట్ అంటే దానంతటదే మొలిచే మొక్క అనుకునేవాళ్లు ఇది గమనించాలి. పోటీ కావాలన్నా ఎవరో ఒకరు కూర్చుని ఏర్పాటు చేయాలి.

ట్యాంకరు దూరని సందులున్న చోట, గుంట తవ్వే జాగా లేని చోట డబ్బా మరుగుదొడ్లు వచ్చాయి. కింద గుంట బదులు మూత ఉన్న డబ్బా. వారానికి కొన్నిసార్లు మనిషి వచ్చి నిండింది తీసుకెళ్లి ఖాళీది పెడతాడు. కెన్యాలోని నైరోబీలో శానర్జీ, ఘనాలోని కుమాసీలో క్లీన్ టీమ్, హైతీలోని కాప్ హైసియన్ లో సాయిల్, పెరూలోని లిమాలో ఎక్స్ రన్నర్ అనే సంస్థలు ఈ పని చేశాయి. శానర్జీ తన ఫ్రెష్ లైఫ్ దొడ్లను బస్తీలోనే ఉండేవాళ్లకు ఫ్రాంచైజీగా ఇచ్చింది, సేకరించిన మలంతో ఎరువు తయారు చేసింది, ఈగ లార్వాలను పెంచి పశువుల దాణాగా అమ్మింది. ఈ నాలుగు సేవలనూ ప్రపంచ బ్యాంకు 2019లో పరిశీలించింది. జనం ఇచ్చే ఫీజుతో ఖర్చంతా రాదని తేలింది. దీన్ని కొందరు వైఫల్యం అన్నారు. నేను అననివ్వను. బాగా డబ్బున్న పేటలో భూమి కింద వేసిన డ్రైనేజీ ఖర్చంతా ఆ ఇళ్ల బిల్లుల్లోంచే వచ్చిందా? ఎక్కడా రాలేదు. పైపుకు సబ్సిడీ ఇస్తే పెట్టుబడి అంటాం, డబ్బాకు ఇస్తే దానం అంటాం.

"మలం బంగారం, ఎరువు అమ్ముకుంటే చాలు, ఖర్చంతా తిరిగొస్తుంది" అని ఎవరైనా స్లైడు చూపిస్తే మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఇది కొత్త మాట కాదు. పాత లండన్లో రాత్రిపూట మలం ఎత్తి రైతులకు అమ్మే వ్యాపారం బాగా నడిచింది. ఊరు పెరిగేకొద్దీ పొలాలు దూరమయ్యాయి. 1840ల నుంచి దక్షిణ అమెరికా గ్వానో, అంటే పక్షుల రెట్ట ఎరువు, ఓడల్లో దిగడం మొదలైంది. రైతులు దానివైపు మళ్లారు, వ్యాపారం కూలిపోయింది. మలం ఊళ్లోనే మిగిలింది, చివరికి థేమ్స్ నదిలోకి చేరింది. 1858 వేసవిలో ఆ నది కంపుకు పార్లమెంటే కూర్చోలేకపోయింది. అప్పుడు కదిలారు. ఇంజినీరు జోసెఫ్ బజాల్జెట్ గీసిన మురుగు కాలువలు ప్రజల డబ్బుతో కట్టారు. తవ్వింది, కట్టింది మాత్రం కాంట్రాక్టర్లే. అప్పు తెచ్చింది, ఎక్కడ వేయాలో నిర్ణయించింది ప్రభుత్వ బోర్డు. నాకు తెలిసిన మంచి ఉదాహరణలన్నీ అటూ ఇటుగా ఇదే పద్ధతివి.

అది తలకిందులైన చోట ఏం జరిగిందో కూడా చూద్దాం. 1993లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నీళ్లు, మురుగు రెండూ కొన్ని ప్రైవేటు కంపెనీల కూటమికి అప్పగించారు. లైను కొత్త పేటలకు పొడిగించే ఖర్చును కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్ల మీదే వేశారు. కొత్తగా తీసుకునేది ఎవరు? ఊరి అంచున ఉన్న పేదలు. అప్పటికే కనెక్షన్ ఉన్నవాళ్లకు ఏ భారమూ లేదు. గొడవలయ్యాక ఆ ఖర్చును అందరి బిల్లులకూ కొద్దికొద్దిగా పంచారు. ఈ పంపకం మొదటి రోజే చేసి ఉంటే చాలాకాలం నడిచేదేమో. 2006లో ఆ ఒప్పందమే రద్దయింది.

మలేషియాలో మరో పాఠం. 1994 నుంచి దేశంలో చాలా భాగం మురుగు పనిని ఇండా వాటర్ అనే ప్రైవేటు సంస్థకు కన్సెషన్ గా, అంటే ఏళ్ల తరబడి నడిపి బిల్లులు వసూలు చేసుకునే హక్కుతో ఇచ్చారు. జనం బిల్లులు కట్టడానికి ఇష్టపడలేదు, రేట్లు తగ్గించాల్సి వచ్చింది, 2000లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. నాకు అంతకన్నా ముఖ్యం తర్వాత జరిగింది. అక్కడ సెప్టిక్ ట్యాంకులను ఒక వరస ప్రకారం, ఎవరూ పిలవకపోయినా వెళ్లి ఖాళీ చేసేవారు. 2008 నుంచి ఆ బాధ్యత ఇంటివాళ్లకే వదిలి, పిలిస్తే వస్తాం అన్నారు. పిలుపులు పడిపోయాయి. పేదలు కూడా కాదు, సామాన్య మధ్యతరగతి ఇళ్లే. పొంగేదాకా ఎవరికీ గుర్తు రాదు.

అందుకే దక్షిణాఫ్రికాలోని డర్బన్ పద్ధతి నాకు సబబుగా కనిపిస్తుంది. అక్కడి మున్సిపాలిటీ పేద పేటల గుంట దొడ్లను ఐదేళ్లకోసారి ఉచితంగా ఖాళీ చేయించింది. పని చేసింది కాంట్రాక్టర్లు. ఇంటివాడు పిలవక్కర్లేదు, పొదుపు చేసుకోనక్కర్లేదు. ఇలాంటి ఒప్పందం రాసేవాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. డబ్బు గుంట దగ్గర కొలవకండి, శుద్ధి కేంద్రం గేటు దగ్గర కొలవండి. ట్యాంకరు అక్కడ పారబోసినదానికే బిల్లు రాయండి. కాలువ దగ్గర కాపలాకు మనుషుల్ని పెట్టే బాధ చాలావరకు తప్పుతుంది.

మళ్లీ బయాకూల దగ్గరికి వస్తాను. టెండరులో ఇంత సైజు ట్యాంకరు ఉండాలి, ఇంత డిపాజిట్ కట్టాలి అని రాసిన రోజే వాళ్లు బయటికి పోతారు. కానీ సందులు అలాగే ఉంటాయి, ట్యాంకరు దూరదు, రాత్రి మళ్లీ వాళ్లకే కబురు వెళ్తుంది. జాంబియా రాజధాని లుసాకాలోని కన్యామాలో దీన్ని ఇంకో రకంగా చేశారు. అక్కడి వాటర్ ట్రస్టు, అంతవరకు చాటుగా తోడే మనుషులనే పనిలో పెట్టుకుంది. గ్లవ్స్, బూట్లు, మాస్కులు ఇచ్చింది. గుంటల్లో గుడ్డలు, సీసాలు, ప్లాస్టిక్ నిండి ఉంటాయి కాబట్టి ట్యాంకరు పైపు ఎలాగూ లాగలేదు. పొడవాటి కర్రలున్న కొక్కేలతో ముందు చెత్త తీసి, తర్వాత మలం తోడి, 60 లీటర్ల పీపాల్లో నింపి, బండి మీద శుద్ధి చేసే చోటికి తీసుకెళ్తారు. ధర పీపాల లెక్కన ఉంటుంది. గుంట మొత్తం ఖాళీ చేయించుకునే స్తోమత లేకపోతే 12 పీపాలు తీయించుకోవచ్చు, కాస్త ఉంటే 24, ఇంకా ఉంటే 32. ఇక ఆ పని చాటుగా చేయక్కర్లేదు.