మా ఓనరు పెద్ద మనిషండీ (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: లైన్లో ఎవరండీ? పేరు వద్దు, ఊరు చాలు.

కాలర్: డాలస్ దగ్గర్నుంచండీ. హెచ్-1బీ మీద మెడికల్ బిల్లింగ్‌లో చేస్తున్నాను. పేషెంటు రాని రోజుకు కూడా మెడికేర్‌కి, అంటే పెద్దవాళ్ల వైద్యానికి ప్రభుత్వమిచ్చే బీమాకి, బిల్లు వేయిస్తున్నారు. మా ఓనరుకి పలుకుబడి ఎక్కువ. గోడ నిండా నాయకులతో దిగిన ఫొటోలే. ఇలాంటివాళ్ల జోలికి ఎవరైనా వెళ్తారా?

లాయర్: వెళ్తారు. కాకపోతే ముందు ఆయన దగ్గరికి కాదు. రజత్ గుప్తా కేసు గుర్తుందా? మెకిన్సీ అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీని నడిపినాయన, గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు బోర్డు సభ్యుడు. ఆ బ్యాంకులో ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ 500 కోట్ల డాలర్లు పెడుతున్నాడన్న, ఇంకా బయటికి రాని సంగతి 2008 సెప్టెంబర్ 23న ఫోన్లో జరిగిన బోర్డు మీటింగ్‌లో విన్నాడు. నిమిషం తిరక్కుండానే షేర్లలో పెట్టుబడులు పెట్టే గాలియన్ ఫండ్ యజమాని రాజరత్నానికి కాల్ వెళ్లింది. మార్కెట్ మూసేలోపు అక్కడ గోల్డ్‌మన్ షేర్లు కొనేశారు. ఆ కాల్లో మాటలకు మాత్రం రికార్డింగ్ లేదు.

వ్యాఖ్యాత: మరి ఎలా పట్టుకున్నారండీ?

లాయర్: కాల్ వెళ్లిన టైమూ, షేర్లు కొన్న టైమూ పక్కపక్కన పెట్టారు. పైగా కోర్టు అనుమతితో ఎఫ్‌బీఐ అప్పటికే రాజరత్నం సెల్‌ఫోన్ వింటోంది. నిన్న మార్కెట్ మూసేముందు నాకో కాల్ వచ్చిందని మర్నాడు ఆయనే తన ఉద్యోగితో అన్నాడు, దొరికిపోయాడు. గుప్తా పాత సహోద్యోగి అనిల్ కుమార్ నేరం ఒప్పుకుని సాక్ష్యానికి వచ్చాడు. రాజరత్నానికి 11 ఏళ్లు, గుప్తాకి 2 ఏళ్లు పడ్డాయి.

కాలర్: అయితే నా సంగతేంటండీ? ఎంట్రీలు కొట్టేది నేనే కదా.

లాయర్: నేనూ అక్కడికే వస్తున్నా. దర్యాప్తు చేసేవాళ్లు కింద నుంచి పైకి ఎక్కుతారు, మొదటి మెట్టు మీరే. వాళ్లు రాకముందే మీరు వెళ్తే సాక్షి. తర్వాతైతే చెప్పలేం. ప్రభుత్వానికి దొంగ బిల్లులు పెట్టేవాళ్ల మీద ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ అని 1863 నాటి చట్టముంది. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం తెచ్చారు. దాని కింద ప్రభుత్వం తరఫున మీరే దావా వేయొచ్చు. అది కనీసం 60 రోజులు సీల్లో, అంటే బయటికి తెలియకుండా, ఉంటుంది, తరచూ ఏళ్లే పడుతుంది. ప్రభుత్వం కేసు చేపట్టి గెలిస్తే, వసూలైన దాంట్లో మామూలుగా 15 నుంచి 25 శాతం మీకు.

కాలర్: ఉద్యోగం తీసేస్తే?

లాయర్: కక్ష కట్టి తీసేస్తే పోయిన జీతానికి రెట్టింపు అడగొచ్చు. వీసా గొడవ వేరు, ఉద్యోగం పోయాక గడువు 60 రోజుల వరకే. ఇమ్మిగ్రేషన్ లాయర్ని ముందే కలవండి. ఒక్క ఫైలూ డిలీట్ చేయొద్దు. అలాగని పేషెంట్ల రికార్డులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తేవద్దు.

కాలర్: ఏజెంట్లు ఇంటికే వస్తే?

లాయర్: కార్డు తీసుకుని, లాయరుతో మాట్లాడాకే చెప్తాననండి. మాట్లాడకపోవడం నేరం కాదు. అబద్ధమాడితే మాత్రం 5 ఏళ్ల దాకా జైలు.

కాలర్: కార్డైతే... మొన్న శుక్రవారమే ఒకాయన ఇచ్చి వెళ్లాడండీ.

లాయర్: ఆగండాగండి! రేడియోలో ఇంకొక్క మాట కూడా వద్దు. ఫోన్ పెట్టేసి, ఈరోజే క్రిమినల్ లాయర్ని పట్టుకోండి. ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దు.

వ్యాఖ్యాత: కట్ చేశారు, మంచిదైంది. తర్వాతి కాలర్, హలో?