పాత శుభలేఖలు, ఒక స్వీటు డబ్బా

"అంతా చదివేశా నాన్నా, వచ్చేసింది" అంటాడు పిల్లాడు. పుస్తకం మూసి చెప్పమంటే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతాడు. వాడేం అబద్ధమాడలేదండీ. నాలుగుసార్లు చదివిన పేజీ కంటికి అలవాటైపోతుంది. ఆ అలవాటునే వచ్చేసిందనుకుంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది జీవన నైపుణ్యాల్లో స్వీయ అవగాహన ఒకటి. బడి గోడ మీద చార్టు అంటిస్తే అబ్బేది కాదది. తనకేం వచ్చో, ఏం రాదో పిల్లాడు తనే పట్టుకోవాలి. దానికి ఖర్చులేని సాధనం ఒకటుంది.

జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పద్ధతి ఇది. ఆయన ఐదు అరలు పెట్టాడు, బడి పిల్లలకు మూడు చాలు. ఇంట్లో మిగిలిపోయిన శుభలేఖల్ని అరచేతిలో పట్టేంత ముక్కలు కోయండి. స్వీటు డబ్బాలో అట్టముక్కలు నిలబెట్టి అరలు చేయండి. కార్డుకు ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. అచ్చు ఉన్నవైపు తెల్లకాగితం అంటించుకోవాలి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి చూడాలి. సరిగ్గా చెబితే కార్డు ఒక అర ముందుకు వెళ్తుంది. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటికే రావాలి. రోజుకు ఐదు కొత్త కార్డులు మించొద్దు. మొదటిరోజు ఉత్సాహంలో ముప్పై రాస్తే నాలుగోరోజుకు డబ్బా అటకెక్కుతుంది.

అసలు కష్టం ప్రశ్న రాయడంలో ఉంది. "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటి?" అని రాస్తే మళ్లీ బట్టీయే. "రెండు రోజులు చీకట్లో ఉంచిన మొక్క ఆకులో పత్రహరితం తీసేసి అయోడిన్ వేస్తే, నీలి నలుపు రంగు ఎందుకు రాదు?" అని రాస్తే ఆలోచించక తప్పదు. జవాబు రెండు లైన్లు దాటితే కార్డును రెండుగా విడగొట్టాలి.

ఇంకో చిన్న పని. కార్డు తిప్పేముందు మూలన పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి: కచ్చితంగా తెలుసనుకుంటే టిక్కు, అనుమానముంటే చుక్క. టిక్కు పెట్టీ తప్పిన కార్డులున్నాయి చూశారా, డబ్బాలో బంగారం అవే. వాటిని మొదటి అరలోనే వేరే రబ్బరు బ్యాండు వేసి ఉంచాలి.

ఇలా గుర్తుచేసుకోవడం మొదట్లో పిల్లాడికి వెనకబడ్డట్టే అనిపిస్తుంది. అది సహజం. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అందుకే మర్నాటి స్లిప్ టెస్టు మార్కులు చూసి డబ్బా మూసేయకండి.

అమ్మానాన్నలు చేసే తప్పు కూడా ఉంది. డబ్బా తమ చేతిలోకి తీసుకుని ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. అప్పుడది ఇంట్లో ఇంకో పరీక్ష అవుతుంది, పిల్లాడు కార్డును కాక మీ మొహాన్ని చదువుతాడు. మొదటి వారం పక్కన కూర్చోండి, తర్వాత లేచిపోండి. పండగకో పెళ్లికో ఊరెళ్లి వారం ఆగిపోయిందా? వచ్చాక మూడు రోజులు కొత్త కార్డులు రాయించకుండా, మొదటి అర ఖాళీ అయ్యేదాకా అదే చూసుకోమనండి.