దోమతెర ఇవ్వాల్సింది కార్డుకా, మనిషికా?

(తెర మీద: చీకటి పడుతున్న వేళ. నెల్లూరు శివార్లలో ఇటుక బట్టీ, పక్కన తాటాకు పాకలు)

నెల్లూరు వాళ్లకి దోమల గురించి ఎవరైనా కొత్తగా చెప్పాలా! సాయంత్రం అయితే తలుపులు బిగించుకునే ఊరు మనది. కాకపోతే మురుగుకాలవల్లో పుట్టి మనల్ని పీక్కుతినే దోమ ఎక్కువగా క్యూలెక్స్. దానితో బోదకాలు రావచ్చు గానీ మలేరియా రాదు. మలేరియా తెచ్చేది ఆడ అనాఫిలిస్. అది కుట్టేది ఎక్కువగా పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేలోపు. అంటే మనం నిద్రపోయే టైమ్‌లోనే. అందుకే దానికి దోమతెర అంత బాగా పనిచేస్తుంది.

(తెర మీద: తెర గుడ్డ దగ్గరగా)

మలేరియా ఎక్కువున్న ఊళ్లలో ప్రభుత్వం ఉచితంగా పంచే తెరకీ, బజార్లో దొరికే మామూలు తెరకీ తేడా ఉంది. పంచే తెర దారంలోనే మందు ఉంటుంది. వాలిన దోమ చస్తుంది. ఇరవై ఉతుకుల దాకా, సుమారు మూడేళ్లు పనిచేసేలా తయారు చేస్తారు. ఉతికాక నీడలో ఆరేయాలి, ఎండలో వేస్తే మందు దెబ్బతింటుంది. ఊళ్లో ఎక్కువమంది ఇవి వాడితే దోమలే తగ్గిపోయి, తెర లేనివాళ్లకీ కొంత రక్షణ దొరుకుతుంది.

(తెర మీద: రొయ్యల చెరువు గట్టు మీద నులకమంచం)

ఇప్పుడు అసలు సంగతి. ఇంటికి ఇన్ని అని కార్డు చూసి పంచితే, ఈ మంచం మీద కాపలా పడుకునే మనిషి లెక్కలోకి వస్తాడా? బట్టీకి వలస వచ్చిన కుటుంబం కార్డు సొంతూళ్లో ఉంటుంది. గుడిసె మార్చుకుంటూ తిరిగే యానాది కుటుంబాలు, నల్లమల గూడేల్లోని చెంచులు... పంపిణీ ముందు చేరాల్సింది వీళ్లకే, తప్పిపోయేదీ వీళ్లే.

"ఊరికే ఇస్తే విలువుండదు, పదో పరకో తీసుకోవాలి" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉంటారు. కెన్యాలో గర్భిణుల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఉచితంగా ఇచ్చిన చోటికన్నా, అరవై సెంట్లు, అంటే ఒక డాలర్ కూడా కాని ధర పెట్టిన చోట, తెర తీసుకున్నవాళ్లు నూటికి అరవై మంది తగ్గిపోయారు. ఉచితంగా తీసుకున్నవాళ్లు తక్కువ వాడారనడానికీ ఆధారం దొరకలేదు. 2010లో అచ్చయిన పరిశోధన ఇది. ఇక ఆ వాదన మానేయొచ్చు.

(తెర మీద: ఐదుగురున్న కుటుంబం, మూడు తెరలు)

ఇద్దరికి ఒక తెర. ఐదుగురుంటే రెండు చాలవు, మూడు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1.8 మందికి ఒకటి చొప్పున లెక్క వేయమనేది ఇందుకే. గర్భిణులు, పసిపిల్లలు మొదట.

పాకలో మేకు కొట్టడానికి గోడ ఉండదు. తెరతోపాటు నాలుగు కర్రలు, కాస్త పురికొస ఇస్తేనే అది మంచం ఎక్కుతుంది, లేకపోతే మూట విప్పకుండా చూరులో ఉండిపోతుంది. ఇక ఆశా అక్కలు, ఏఎన్‌ఎమ్‌లు జాబితా రాసేటప్పుడు పగలు వెళ్తే పాకలన్నీ ఖాళీ, అందరూ పనుల్లో ఉంటారు. రాత్రి అన్నాల వేళకి వెళ్తే ఎవరు ఎక్కడ పక్క వేసుకుంటున్నారో కళ్లతోనే లెక్కపెట్టుకోవచ్చు.