ట్రైలర్‌లో సొరుగు వంటగది: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్న మేస్త్రి, ఒక మెకానికల్ ఇంజనీరు, సొంత క్యాంపర్ ట్రైలర్‌లో కుటుంబంతో తిరిగే సైనిక్‌పురి గృహిణి.)

సంధానకర్త: నమస్కారం. కారు వెనుక తగిలించుకుని వెళ్లే క్యాంపర్ ట్రైలర్‌లో, సొరుగులా బయటికి లాగి వాడుకునే వంటగదిని తక్కువ ఖర్చుతో ఎలా అమర్చుకోవాలన్నది ఈనాటి చర్చ. అమ్మా, మీరు ఒకసారి చేయించి, విప్పించి, మళ్లీ చేయించారు కదా. తేడా ఎక్కడ వచ్చింది?

గృహిణి: కొలతల దగ్గరే వచ్చిందండి. ట్రైలర్‌లో ఖాళీ ఎంత ఉందో కొలిచాం గానీ గిన్నెలు కొలవలేదు. సొరుగు తయారయ్యాక కుక్కర్ లోపల పెడితే, విజిల్ తీసేస్తే తప్ప పైచట్రం కింద పట్టలేదు. రెండోసారి మా హాల్లో నేలమీద సుద్దముక్కతో సొరుగంత గీత గీసి, ప్రయాణంలో వాడే కుక్కర్, బాణలి, పోపులపెట్టె, రెండు బర్నర్ల స్టవ్ అందులో పేర్చుకుని, రెండు రోజులు అక్కడే వంట చేశాను. తెచ్చిపెట్టుకున్న సామానులో సగం అక్కర్లేదని, ఉల్లిపాయ తరుక్కోవడానికి మాత్రం జానెడు చోటు కూడా మిగల్లేదని అప్పుడు తెలిసింది.

ఇంజనీరు: ఆ సుద్దగీతకు పైసా ఖర్చు లేదు, కానీ దానివల్ల తగ్గేది సామాను ఒక్కటే కాదు, బరువు కూడా. 50 కిలోల సొరుగు 90 సెంటీమీటర్లు బయటికి వచ్చిందనుకుందాం. బరువు సమంగా పరుచుకుని ఉంటే, అది ట్రైలర్ అంచు నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో పనిచేసినట్టే లెక్క, అంటే సొరుగును కిందికి వంచే బలం 22.5 కిలోగ్రామ్-మీటర్లు. ఇప్పుడు సొరుగు కొసన 20 లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టండి. ఆ ఒక్క క్యానే ఇంకో 18 కలుపుతుంది. అందుకే క్యాన్ ట్రైలర్ లోపలే ఉండాలి, నీళ్లు మాత్రం పైపు ద్వారా సొరుగుకు రావాలి.

సంధానకర్త: మేస్త్రి గారూ, మీరు బల్లమీద ఏదో పెట్టారు.

మేస్త్రి: ఇది ఒకరి ట్రైలర్ నుంచి విప్పిన చానెల్ అండీ, అంటే సొరుగు ముందుకూ వెనక్కూ జరిగే పట్టా. దగ్గరగా చూడండి, గోళీల వరుసలో మూడు రాలిపోయాయి, గాడిలో గ్రీజుతో కలిసి ఎర్రమట్టి గట్టిపడింది, గోళీలు అరిగిన చోట రేకు మెరుస్తోంది. ఇది ఇళ్లలో అల్మారాలకు వేసే 45 మిల్లీమీటర్ల టెలిస్కోపిక్ చానెల్. మామూలుగా దీని జతకు 35 నుంచి 45 కిలోల సామర్థ్యమే ఇస్తారు, అదీ కదలని ఇంట్లో, పక్కగోడలకు నిలువుగా బిగించినప్పుడు. చోటు కలిసివస్తుందని సొరుగు అడుగున పడుకోబెట్టి బిగిస్తే ఆ సామర్థ్యం చాలా తగ్గిపోతుంది. ఈ చానెల్‌ను అలాగే బిగించారు. 76 మిల్లీమీటర్ల భారీ చానెళ్లలో 200 కిలోలు దాటి మోసేవి కూడా ఉన్నాయి. ఖరీదు ఎక్కువే, కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: పైకి కనబడే స్టీలు పలక తర్వాతైనా వేయించుకోవచ్చు, చానెల్ మాత్రం మొదటే మంచిది వేయించుకోండి.

గృహిణి: మేము మధ్యేమార్గంగా కొంచెం చిన్న చానెల్ వేయించి, కొసన మడిచే కాలు పెట్టించామండి.

ఇంజనీరు: కాలు మంచిదే, కానీ నేల వాలుగా ఉంటే అది బరువు మోయడానికి బదులు సొరుగును పైకి నెట్టి చానెల్‌ను మెలిపెడుతుంది. ఎత్తు సరిచేసుకునేలా మర ఉన్న కాలు పెట్టాలి. పైగా ఆ కాలు ఆగి ఉన్నప్పుడే పనికొస్తుంది, బండి గుంతలో పడినప్పుడు చానెల్‌ను కాపాడలేదు.

మేస్త్రి: తాళం సంగతీ అంతే. సొరుగు మూసినప్పుడూ, పూర్తిగా లాగినప్పుడూ తనంతట తాను పడే తాళం చానెల్‌లోనే ఉండాలి, దానికి తోడు బయట విడిగా ఒక గడియ ఉండాలి. నడుస్తున్న బండిలోంచి సొరుగు రోడ్డుమీదికి దూసుకొస్తే వెనక వచ్చే బైకువాడి గతి ఏమిటో ఆలోచించండి.

సంధానకర్త: మరి పొదుపు ఎక్కడ చేయాలి?

మేస్త్రి: పెట్టెలో చేయండి. నీటికి తట్టుకునే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, దానిమీద ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం గుర్తు చూసుకోండి. చదరపు మీటరుకు అది ఒక మిల్లీమీటరు స్టీలు రేకుతో దాదాపు సమానంగా తూగుతుంది, పైగా మన వడ్రంగులెవరైనా చేసిపెడతారు. స్టీలు స్టవ్ కింద, సింకు దగ్గర మాత్రమే వేస్తే సరిపోతుంది. అక్కడ చింతపండు పులుసు, ఉప్పు పడతాయి కాబట్టి 304 గ్రేడే వేయించండి. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 అని ఎవరైనా అంటే నమ్మకండి, చవకైన 202కు కూడా అంటుకోదు.

ఇంజనీరు: గ్యాసు విషయంలో మాత్రం బేరం వద్దు. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది, కారితే కిందికి దిగి పెట్టె అడుగున నిలిచిపోతుంది. సిలిండర్‌కు విడి అర ఉండాలి, ఆ అర అడుగున బయటికి తెరుచుకునే రంధ్రాలు ఉండాలి, సిలిండర్ నిలువుగా పట్టీతో బిగిసి ఉండాలి, బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆపేయాలి. సొరుగుతోపాటు గ్యాసు గొట్టం ముందుకూ వెనక్కూ జరుగుతూ నలిగే ఏర్పాటు ఎప్పుడూ చేయకండి. సొరుగు లాగాకే గొట్టం తగిలించుకోండి.

సంధానకర్త: అమ్మా, ఇప్పుడున్న వంటగది ఎలా పనిచేస్తోంది?

గృహిణి: శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవి గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు కదండీ. తెల్లవారకముందే చేరి గేటు తీసేదాకా ఆగాల్సి వచ్చినప్పుడు, అడవి బయటే సురక్షితమైన చోట బండి ఆపి, సొరుగు లాగి, పైచట్రానికి అంటించిన 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ వెలుగులో టీ కాచాను. సొరుగు చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించినందువల్ల గ్లాసుల్లో దుమ్ము లేదు. స్టవ్‌కు మూడువైపులా మడిచే రేకు ఉంది, మంట గాలికి ఆరలేదు. ఒక్కటే మిగిలింది, సింకు కింద బకెట్ నిండితే తెలిసే మార్గం లేదు. మేస్త్రి గారు దానికి ఒక పారదర్శకమైన గొట్టం పెడతామన్నారు.

మేస్త్రి: వచ్చే ఆదివారం బండి తీసుకురండమ్మా, గంటలో పెట్టేద్దాం.